మేడం రిటైరయ్యేదాకా ఆగాల్సిన స్ప్రింగులు

మేడం చనిపోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను తాండూరులో, మా బండల పాలిషింగ్ యూనిట్లో ఉన్నాను. ఆదివారం కాబట్టి ఆ పొద్దున ఆమె కార్లో నా పక్కన లేదు. అర్జెంటు లోడు ఒకటి ఉండి నేనొక్కణ్ణే వచ్చాను. మెషిన్ల మోతలో మాట సగమే వినపడితే బయటికొచ్చి మళ్ళీ అడిగాను. తెల్లవారుతూనే గుండెల్లో నొప్పి అన్నదట, వికారాబాద్‌లో ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అయిపోయిందట. "అయ్యో" అన్నాను. నోరు ఆ మాట అంటుండగానే మనసు మా ఇంట్లో బీరువా వెనక, దుప్పటి కప్పి పెట్టిన అట్టపెట్టెల దగ్గరికి పోయింది. ఇక వాటిని విప్పొచ్చు అనుకున్నాను.

ఆ ఆలోచన రెప్పపాటు కంటే ఎక్కువసేపు లేదు. కానీ మొదట వచ్చింది అదే. ఏడుపు దాని తరువాతే వచ్చింది. ఈ వరుస నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా.

ఆమెకు పేరు లేక కాదు. నేను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు కాబట్టి ఇక్కడ కూడా మేడం అనే రాస్తాను. మా కాలనీలోనే, మా వీధి చివరి ఇల్లు. తాండూరులో సర్కారు బడిలో టీచరు. ఏళ్ళ తరబడి వికారాబాద్ నుంచి రైల్లో పోయి రైల్లో వచ్చేది. ఒకసారి దిగేటప్పుడు ప్లాట్‌ఫాం మీద జారిపడి నడుము దెబ్బతిన్నది. ఆ తరువాత రైలెక్కాలంటే భయం, బస్సెక్కితే నొప్పి. ఒక పొద్దున బస్టాండు దగ్గర నడుము మీద చెయ్యేసుకుని నిలబడి కనిపిస్తే కారు ఆపాను. ఆ ఒక్క రోజే అనుకున్నాను. రోజూ అయింది.

నా కారు సంగతి చెప్పాలి. రెండు తలుపుల బండి, ఎర్రది, నేలకు దగ్గరగా ఉంటుంది. హైదరాబాద్‌లో ఒక డాక్టరు మోజు తీరి అమ్మేస్తే కొన్నాను. అలాంటి బండిని ఆదివారం షికారుకు వాడుకునేవాళ్ళు ఉంటారు. నేను రోజూ పనికి దాన్లోనే పోతాను. బండల లారీలు, సిమెంటు ట్యాంకర్లు తొక్కి తొక్కి వదిలిన రోడ్డు మీద అది రావడం చూసి మా యూనిట్లో పనివాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఎవడి పిచ్చి వాడికి ఆనందం.

మొదటి రోజు మేడం తలుపు తీసి లోపలికి తొంగి చూసింది. "నేను ఎనక కూసుంట సార్" అన్నది.

"ఎనక మనుషులు పట్టరు మేడం. సంచులే పడ్తయి."

"గట్లనా! గంత షోకు జేసి సగం కారే తెచ్చుకున్నవన్నట్టు."

వీపు తిప్పి ముందు సీటు మీద కూలబడింది. తరువాత కుచ్చిళ్ళు పట్టుకుని ఒక కాలు, ఆ వెనక ఇంకో కాలు లోపలికి తెచ్చుకుంది. చెయ్యి అందించబోతే విదిలించింది. చివరి రోజు దాకా అదే తీరు. టిఫిన్ డబ్బా ఒళ్ళో, గొడుగు కాళ్ళ సందున. కూర్చోగానే కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి పెట్టుకునేది, బండి తనే నడపబోతున్నట్టు. కన్నడ లారీవాళ్ళు అడ్డం వస్తే అద్దం దించి కన్నడంలోనే తిట్టేది. వారం తిరక్కుండానే సార్ పోయి తమ్మీ అయ్యాను.

గుంతలకు ఆమె పేర్లు పెట్టింది. అన్నీ తన బడిలో చదివిన పోకిరీ పిల్లల పేర్లు. గుంత దగ్గరపడుతుంటే రెండు అరచేతులు సీటు మీద నొక్కి నడుము జర పైకి లేపేది. కారు గుంతలో పడి లేచాక మెల్లగా కూర్చునేది. ఈ పని చేస్తూనే హాజరు పిలిచేది.

"నర్సింలు!"

కారు దడేల్మనేది.

"ఉన్నడు. ఖాజా! ఖాజా ఏడి? ఇయ్యాల గైరాజర్. రోడ్డోళ్ళు మట్టి పోసిండ్రు తమ్మీ. ఫికర్ జెయ్యకు, వాన పడ్డంక వాడే వస్తడు. బడికి గూడ గట్లనే వస్తుండె."

నిజంగానే వాన పడ్డాక ఖాజా వచ్చేవాడు. కొత్త గుంత పడితే దానికి ఎవరి పేరు పెట్టాలా అని ఊరు వచ్చేదాకా ఆలోచించేది. బుద్ధిగా చదువుకున్న పిల్లల పేర్లు పెట్టేది కాదు.

ఆమె దేవత అని చెప్పడానికి ఇది రాయడం లేదు. మస్తు గుమాన్ మనిషి, దర్పం చూపించుకోవడం ఇష్టం. బడి గేటు కనిపించగానే "ఒక్క రౌండ్ కొట్టు తమ్మీ" అనేది. పిల్లలందరూ చూసేటట్టు గేటు ముందు ఒక చుట్టు తిప్పి ఆపాలి. దిగుతూ "ఏందిరా, కారు ఎన్నడు సూడలేదా, క్లాసులకు పోండ్రి" అని కసిరేది. ఆ కసురులో సంతోషం నాకు తెలిసిపోయేది. మిగతా టీచర్లు ఆమెను కారు మేడం అనేవాళ్ళట. ఆ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

ఒక వాన రోజు అనంతగిరి అడవి దిగుతుంటే ఉన్నట్టుండి అడిగింది. "మీది కుల్కచర్ల దిక్కు గదా తమ్మీ?"

"అవు మేడం."

"మా నాయిన మీ తాతింట్ల పాలేరుగ జీతమున్నడు. నీకు ఎరుక లేదేమో."

నాకు ఎరుక లేదు. ఆమెది బొంరాస్‌పేట దిక్కు ఊరని తెలుసు, చర్చికి పోతుందని తెలుసు, అంతే.

"మీ తాత సవారి బండి కట్టిచ్చుకొని పోతుంటె మా నాయిన ఎనకబడి నడుస్తుండెనట. నన్ను జూడు, పక్కకు కూసొని పోతున్న" అని పెద్దగా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మార్చాల్సిన అవసరం లేకపోయినా గేరు మార్చాను. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని "నర్సింలు వస్తున్నడు, మెల్లగ పో" అన్నది.

ఇక నా పురుగు సంగతి. కారు కొన్నప్పటి నుంచి దాని ఎత్తు దించాలని, చక్రాలు మార్చాలని నా మనసు ఒకటే పీకేది. అన్నం తింటూ కూడా ఫోన్లో అవే వీడియోలు. ఉత్త పొట్టి స్ప్రింగులు వేస్తే కారు దిగుతుంది, కానీ పాత షాకబ్జర్లు వాటిని ఆపలేక కారు ఎగిరెగిరి పడుతుంది. స్ప్రింగులు, షాకబ్జర్లు కలిపి ఎత్తూ గట్టితనమూ మనమే మార్చుకునే సెట్టు వేస్తే మలుపుల్లో కారు ఒరగదు, చెప్పినట్టు వింటుంది, కానీ రోడ్డు మీది ప్రతి రాయీ నడుముకు తెలుస్తుంది. చక్రం పెద్దదైతే దర్జా. అయితే చక్రం పెరిగినకొద్దీ టైరు మందం తగ్గుతుంది, కుదుపును మింగేది ఆ మందమే. ఇదంతా మేడంకు రోజూ పాఠం చెప్పినట్టు చెప్పేవాణ్ణి. వినే మనిషి నాకు వేరే ఎవరున్నారు?

"అంటె అందం పెరిగినకొద్ది నడుం పోతదన్నట్టు. ఎత్తు మడిమెల చెప్పుల లెక్కనే" అనేది.

"మలుపుల్ల మస్తుంటది మేడం."

"మలుపులు అనంతగిరి కాడనే గదా ఉన్నయి. మిగిలిన తోవ సంగతేంది?"

అలా అన్న మనిషే ఒక సాయంత్రం చాయ్ కోసం ఆగినప్పుడు నా ఫోన్ లాక్కుని చక్రాల బొమ్మలన్నీ చూసింది. నేను పూరేకుల్లా అల్లిక ఉన్నవి చూపించాను. "గివి వద్దు, మట్టి ఇరుక్కుంటది, కడుగనీకి పరేషాన్. గీ అయిదు కమ్మీలయి తీస్కో. సాదాగ ఉన్నయి, పెద్దమనిషి తీరుగ." ఆమె ఏరినవే తెప్పించాను. వాటితో పాటు గట్టి సెట్టు కూడా.

దసరా సెలవుల్లో మొదట కొత్త చక్రాలు మాత్రం వేయించాను. బడి తెరిచిన పొద్దున మేడం కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. "మస్తున్నయి. నేను ఏరితె ఊకెనే ఉంటదా" అన్నది. అడవి దాటేదాకా మాట్లాడింది. ఆ తరువాత మాట్లాడలేదు. నర్సింలు వచ్చాడు, ఖాజా వచ్చాడు, ఎవరి పేరూ పిలవలేదు. అరచేతులు సీటు మీది నుంచి తీయనే లేదు. "నొప్పైతుందా మేడం" అంటే "లేదు, మంచిగనే ఉన్నది" అన్నది. గేటు దగ్గర రౌండు అడగలేదు. ఆపాక దిగలేదు. సంచిలో దేనికోసమో వెతుకుతున్నట్టు చాలాసేపు చెయ్యి తిప్పుతూ కూర్చుంది. సంచిలో ఆమె ఏమీ వెతకడం లేదని నాకు తెలుసు. నేను అద్దంలోంచి రోడ్డు చూస్తున్నట్టు నటించాను.

ఆ ఆదివారమే పాత చక్రాలు వేయించేసి, కొత్తవి సెట్టుతో పాటు అట్టపెట్టెల్లో పెట్టి బీరువా వెనకకు చేర్చాను. సోమవారం చూసి "ఏమాయె?" అని అడిగింది.

"మడ్‌గార్డుకు రాసుకుంటున్నయి మేడం."

"గట్లనా" అన్నది. నర్సింలు దగ్గర హాజరు మొదలుపెట్టింది.

నా బతుకులో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి. అంతటితో ఆగితే నేనూ మంచివాణ్ణే. కానీ మంచి పని చేసినవాడికి దాన్ని మోయడం కూడా రావాలి. నాకు రాలేదు. అనంతగిరి మలుపుల్లో హైదరాబాద్ కుర్రాళ్ళ కార్లు నేలకు అంటుకుని దూసుకుపోతుంటే, పక్కన టిఫిన్ డబ్బా పట్టుకుని కూర్చున్న మనిషిని చూసి పళ్ళు కొరుక్కున్న రోజులున్నాయి. ఆమె సెలవు పెట్టిన రోజు నాకు హాయిగా ఉండేది. ఒకసారి ఉండబట్టలేక అనేశాను, "మీరు రిటైరైనంక ఏయిస్త మేడం" అని.

ఆమె నా వైపు తిరిగి చూసింది. "అంటె నా రిటైర్మెంట్ కోసం నాకంటె నువ్వే ఎక్కువ ఎదురుసూస్తున్నవన్నట్టు." తరువాత నవ్వేసింది. "ఎండకాలం దాక ఓపిక వట్టు తమ్మీ. చివరి దినం బడికి పాత చక్రాల మీదనే తోల్కపో. మర్నాడు నీ ఇష్టం. పెద్ద చక్రాలు ఏసినంక ఒక్కపారి గేటు ముందల రౌండ్ కొట్టి నాకు ఫోటో పంపు."

సరే అన్నాను. మాట ఇచ్చాను.

ఆమె పోయింది చలికాలంలో. కందులు ఇంకా కల్లాల్లోనే ఉన్నాయి. వాళ్ళ ఊళ్ళోనే మట్టి చేశారు. అక్కడికి నేను మా బావమరిది జీపులో పోయాను, గుప్పెడు మట్టి వేశాను, కళ్ళు తుడుచుకున్నాను. ఆ వారంలోనే అట్టపెట్టెలు కార్లో వేసుకుని హైదరాబాద్ పోయాను. బయల్దేరుతుంటే మా ఆవిడ గేటు దాకా వచ్చింది. "జర ఆగరాదు. ఇంక దినాలు గూడ కాలేదు" అన్నది.

"ఆగితే ఏమొస్తది? రబ్బర్లు ఎండి పగుల్తయి" అన్నాను. రబ్బర్లకు ఏమీ కాదు. దుప్పటి కింద అవి ఎన్నేళ్ళైనా ఉండేవి.

అబద్ధం ఎందుకు, అన్నీ బిగించుకుని తిరిగి వస్తూ ఇల్లు దాటి అనంతగిరి దాకా పోయి, ఆ మలుపుల్లో నేను కేక వేశాను. అంత బాగుంది. కారు ఒరగలేదు, ఊగలేదు, చెయ్యి అనుకోకముందే తిరిగింది. మర్నాడు తాండూరు పోతుంటే నర్సింలు దగ్గర చక్రం దిగిన దెబ్బకు నాలుక కరుచుకున్నాను. పక్క సీటు ఖాళీగా ఎగిరి పడింది. హాజరు పిలవాలని నోటిదాకా వచ్చింది గానీ సిగ్గేసింది.

ఒక సాయంత్రం మేడం వాళ్ళక్క ఫోన్ చేసింది. ఇద్దరే అక్కచెల్లెళ్ళు. మేడం పెళ్ళి చేసుకోలేదు, అక్కనే ఊళ్ళో పొలం చూసుకుంటూ ఉంటుంది. మట్టి రోజు ఆమెను చూశాను గానీ మాట్లాడలేదు.

"తమ్మీ, చెల్లె పేరు మీద మా చర్చిల ఆదరణ కూడిక, ప్రార్థన వెడ్తున్నం. నువ్వు రావాలె. గా కారుల్నే రా. మా ఊరోళ్ళందరు సూస్తమంటున్నరు, చెల్లె దాని గురించి గంత చెప్తుండె."

వేరే బండిలో పోదామని చూశాను. అక్క అడిగిందే ఆ కారు. పాతవి మళ్ళీ వేయించడానికి వ్యవధి లేదు. ఉన్నా వేయించేవాణ్ణో లేదో నాకు నమ్మకం లేదు.

చర్చి ముందు స్పీడ్ బ్రేకరు దాటుతుంటే కారు పొట్ట బర్రుమని గీసుకుంది. లోపల పాట పాడుతున్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు. పిల్లలు చుట్టూ మూగారు. నేను చెప్పులు విప్పి లోపల వెనక వరసలో కూర్చున్నాను. నేల మీద పరిచినవి మా తాండూరు బండలే. కూడిక అయ్యేదాకా వాటినే చూస్తూ కూర్చోవాల్సి వస్తుందని అప్పటికి తెలియదు.

పాస్టరు వాక్యం చదివాక అక్క లేచి నిలబడింది. చెల్లెలి గురించి కొంచెం చెప్పింది, చాలా భాగం నా గురించే చెప్పింది.

"ఆయన కారుకు ఏందో గట్టిగ చేసే సామాన్లు తెప్పిచ్చుకొని గూడ, నా చెల్లె నడుం కోసం ఇంట్లనే పెట్టుకున్నడు. ఒకపారి చక్రాలు ఏసి, దానికి నొప్పైతుందని తీసేసిండు. రాసుకుంటున్నయని దానికి అబద్ధం జెప్పిండట. చెల్లె గూడ ఎరుక లేనట్టే ఊకున్నదట. రిటైరయ్యేదాక ఏయనని మాట గూడ ఇచ్చిండు. సొంత తమ్ముడున్నా గిట్ల జెయ్యడని చెప్పి ఏడ్సేది తమ్మీ, నీకు ఎరుక లేదు."

అందరూ నా వైపు తిరిగారు. ఒక ముసలాయన చేతులు జోడించాడు. పాస్టరు రెండు మాటలు చెప్పమన్నాడు. లేచాను. కారు బయటే ఉంది, తలుపులోంచి దాని ఎర్ర రంగు కనిపిస్తోంది. ఇప్పుడే చెప్పేయాలి అనుకున్నాను. "మేడం మంచి మనిషి" అన్నాను. ఇంకేదో అనబోయి కూర్చుండిపోయాను. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకున్నారు.

కూడిక అయ్యాక అందరూ పూలు పట్టుకుని సమాధుల దగ్గరికి నడిచారు. అక్కకు మోకాళ్ళ నొప్పులు. ఎవరో బండి తెస్తామంటే వద్దన్నది.

"మా చెల్లె కూసున్న సీట్ల నేను గూడ కూసుంట" అన్నది.

తలుపు తీశాను. వీపు తిప్పి సీటు మీద కూలబడింది. కుచ్చిళ్ళు పట్టుకుని ఒక్కొక్క కాలు లోపలికి తెచ్చుకుంది. పూల సంచి ఒళ్ళో పెట్టుకుంది. సీటును చేత్తో నిమిరి "ఉయ్యాల్ల కూసున్నట్టుంటదని చెప్తుండె" అన్నది.

అది కంకర తేలిన బాట. ఎంత మెల్లగా పోయినా ప్రతి రాయికీ కారు తన్నింది. మొదటి కుదుపుకు ఆమె నోట చిన్న మూలుగు వచ్చింది. రెండో గుంత దగ్గరపడుతుండగా రెండు అరచేతులు సీటు మీద నొక్కి నడుము పైకి లేపింది. ఎవరు నేర్పారో, అచ్చం అదే తీరు. బండి ఆపేద్దామనుకున్నాను, ఆపి ఏం చెప్పాలో తెలియక పోనిచ్చాను.

"రోడ్డు ఖరాబున్నది తమ్మీ" అన్నది. "నీ కారేం జేస్తది."

"అవునక్కా" అన్నాను. "రోడ్డే ఖరాబున్నది."

సమాధుల దగ్గర ఆపి అటువైపు పోయి తలుపు తీశాను. ఈసారి నా చెయ్యి పట్టుకునే దిగింది. నిలదొక్కుకుంటూ ముందు చక్రం మీద చెయ్యి ఆనించింది. ఆనించిన చెయ్యి తీయకుండా వంగి చూసింది. దుమ్ము పట్టిన కమ్మీలను ఒక్కొక్కటే వేలితో తడిమింది.

"అయిదు కమ్మీలు" అన్నది. "గివి మా చెల్లె ఏరినయే గదా?"

నేను తల ఊపాను.

ఆమె నడుము నిటారు చేసుకుంది. ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది. పూల సంచి సర్దుకుని, ఎదురుగా చెల్లెలి మట్టికుప్పను చూస్తూ మెల్లగా అన్నది.

"దాని రిటైర్మెంట్ ఎండకాలంల ఉండె గదా తమ్మీ."

ఆమె ముందు నడిచింది. పూలు నా చేతిలోనూ ఉన్నాయి. కానీ చాలాసేపు నేను కారు దగ్గరే నిలబడిపోయాను.